టెస్టులు నడుస్తున్నాయనుకున్న మూడు రోజులు

మా ఆఫీసు సూరత్ రింగ్ రోడ్డు పక్కన, చీరలు ప్యాక్ చేసే ఒక దుకాణం పైన మూడో అంతస్తులో ఉంటుంది. ఐదుగురం పనిచేస్తాం. గుడ్డకు రంగులద్దే మిల్లుల కోసం సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఎన్ని కిలోల గుడ్డ, ఏ రంగు కావాలి అని చెబితే, ఏ రంగు పొడి ఎంత వేయాలో మా ప్రోగ్రాం లెక్క కట్టి చీటీ అచ్చు వేస్తుంది. మిల్లులో డైయింగ్ మాస్టర్ ఆ చీటీ చూసి రంగు కలుపుతాడు.

ఆ లెక్కలు రాసేది నేను. నా జ్ఞాపకం మీద నాకు నమ్మకం తక్కువ. ఒకచోట మారిస్తే ఇంకోచోట ఏం చెడుతుందో గుర్తుండదు. అందుకని ప్రతి లెక్కకూ ఒక చిన్న పరీక్ష రాసి పెట్టుకున్నాను. ఇంత గుడ్డకు ఈ రంగు ఇంత రావాలి, రాకపోతే చెప్పు అని. మొదట్లో ఆ టెస్టులను చేత్తో నడిపేదాన్ని. పని తొందరలో మరిచిపోయేదాన్ని. తర్వాత వాటిని నడిపే ప్రోగ్రాం ఒకటి పెట్టుకున్నాను. అది రోజంతా వెనకాల నడుస్తూ నా ఫైళ్ల మీద కన్నేసి ఉంచుతుంది. నేను ఏ ఫైలు సేవ్ చేసినా టెస్టులన్నీ దానంతటదే నడిపి, స్క్రీన్ మూలన చిన్న కిటికీలో ఫలితం చూపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఆకుపచ్చ, ఒక్కటి తప్పినా ఎరుపు.

దానివల్ల లాప్‌టాప్ ఫ్యాను ఆగకుండా తిరిగేది. మా ఓనరు గుజరాతీ, యాభై ఏళ్లవాడు. నా బల్ల పక్కనుంచి వెళ్తూ, "బెన్, నీ మిషన్ లూమ్ షెడ్డులా మోగుతోంది, ఆపెయ్" అనేవాడు. గుజరాతీలో బెన్ అంటే అక్కా, చెల్లీ అన్నట్టు. మిగతావాళ్లు తమవి ఆపేశారు. నేను ఆపలేదు. మా నాన్న లూమ్ కార్మికుడు, మరమగ్గాల మీద పని. ఈ ఊళ్లోనే నవాగామ్‌లో ఆ చప్పుడు మధ్యే పెరిగాను. అది నాకు అడ్డం కాలేదు. కొన్ని నెలలకు ఆ కిటికీ వైపు సూటిగా చూడటం కూడా మానేశాను. కంటి చివర ఆకుపచ్చ ఉంటే చాలు, చేయి తర్వాతి లైనుకు వెళ్లిపోయేది.

ఒక సోమవారం పొద్దున, ఫైళ్లు గజిబిజిగా ఉన్నాయని ఫోల్డరును వేరే చోటికి మార్చాను. రెండు నిమిషాల పని. టెస్టులు నడిపే ప్రోగ్రాం మాత్రం పాత చోటునే చూస్తూ ఉండిపోయింది. అక్కడ ఏమీ లేదు కాబట్టి మారేది కూడా ఏమీ లేదు. మళ్లీ నడపాల్సిన అవసరం దానికి రాలేదు. చివరిసారి వచ్చిన ఆకుపచ్చ అలాగే నిలిచిపోయింది. ఫ్యాను చప్పుడు తగ్గింది. ఆ వారం ఆఫీసులో ఏసీ బాగుచేయించారు, చల్లదనం వల్లనే అనుకున్నాను.

మంగళవారం ఒక మిల్లువాళ్లు, చీటీ మీద అంకెలు మరీ పొడుగ్గా ఉన్నాయి, చదవలేకపోతున్నామన్నారు. కిలోల లెక్కలో చుక్క తర్వాత రెండే అంకెలు వచ్చేలా మార్చాను. సేవ్ చేశాను. మూలన ఆకుపచ్చ. బుధవారం కొత్త ప్రోగ్రాం మిల్లులన్నిటికీ వెళ్లింది.

గురువారం పదకొండింటికి పాండేసరలోని ఒక మిల్లు నుంచి ఫోను. పిస్తా రంగు రావాల్సిన గుడ్డ నిమ్మపండు రంగులో వచ్చింది. ఓనరు ఫోను చేత్తో మూసి నన్ను పిలిచాడు. "వాళ్ల మాస్టర్ ఏదో తప్పు కలిపి ఉంటాడు. మన తప్పేం లేదు కదా?"

"టెస్టులన్నీ పాసయ్యాయి" అన్నాను. చెబుతూనే కిటికీ వైపు సూటిగా చూశాను. కింద చిన్న అక్షరాల్లో చివరిసారి నడిచిన సమయం ఉంది. సోమవారం, పొద్దున తొమ్మిదిన్నర.

చేత్తో నడిపాను. ఎర్రగా వచ్చింది. పిస్తాకు నీలం చాలా తక్కువ పడుతుంది, నాలుగు గ్రాములు. కిలోల్లో రాసి రెండు అంకెలకు కుదిస్తే అది సున్నా అయిపోయింది. సున్నా ఉన్న వరుసను చీటీ మీద వేయొద్దని ప్రోగ్రాంలో ముందే ఉంది. నీలం అనే మాటే చీటీ మీదికి రాలేదు. సరిగ్గా ఈ తప్పును పట్టుకోవడానికి రెండేళ్ల కిందట నేనే ఒక టెస్టు రాశాను.

ముందు పాత ప్రోగ్రాంను అన్ని మిల్లులకూ తిరిగి పంపాను. ఓనరుకు విషయం చెప్పాను. ఆయన, "ఈ మాట ఇప్పుడే బయట చెప్పకు. వాళ్లు మాస్టర్‌ను అడుగుతున్నారు, అడగనీ" అన్నాడు. నేను బ్యాగు తీసుకుని పాండేసరకు ఆటో ఎక్కాను. అప్పుడు ధైర్యం లాంటిదేమీ అనిపించలేదు.

మిల్లు యజమాని శేఠ్ కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా మాస్టర్ నిలబడి ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా పసుపు రంగు. రేపటి నుంచి రావొద్దని అప్పటికే చెప్పేశారు. నేను హిందీలో చెప్పాను. "తప్పు ఆయనది కాదు. మా ప్రోగ్రాంలో ఉంది. రాసింది నేను." శేఠ్, "మీ ఓనరు వేరేగా చెప్పాడే" అన్నాడు. తప్పుడు చీటీని, పాత చీటీని పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకదాంట్లో మూడు వరుసలు, ఇంకోదాంట్లో రెండు.

శేఠ్ మాస్టర్ వైపు చూడకుండానే, "గుడ్డను బాగుచేయగలవా?" అని అడిగాడు.

"నీలం తక్కువైతే కలపొచ్చు శేఠ్. ఎక్కువైతేనే కష్టం" అన్నాడు మాస్టర్, తొణక్కుండా.

మిషన్ల దగ్గరికి ఆయన వెనకే వెళ్లాను. నా హిందీ యాస విని ఆగాడు. "తెలుగేనా బిడ్డా? ఏ ఊరు?" మా నాన్న ఊరు చెప్పాను. ఆయనది పక్క మండలం. ఇక్కడ సూరత్‌లో వడోద్‌లో ఉంటున్నాడట. ఆ తర్వాత నేను ఆయన్ను కాకా అనే పిలిచాను.

"చీటీల నీలం లేదని నేను చూసిన" అన్నాడు పొడి తూస్తూ. "ఇరవై ఏండ్ల సంది గిదే పని. నీలం లేకుంట పిస్తా ఎట్లొస్తది? సూపర్‌వైజర్ను అడిగిన. కంప్యూటర్ల ఏముంటే గదే చెయ్ అన్నడు."

"ఒక ముక్క ముంచి చూడాల్సింది కదా కాకా."

"మునుపు చూసేటోన్ని. ఒక్కొక్క రంగుకు చిన్న ముక్క ముంచి, ఆరబెట్టి, మంచిగుంటేనే మిషన్ల ఏసేటోన్ని. మీ కంప్యూటర్ వచ్చినంక శేఠ్ బంద్ చేయించిండు. టైం ఖరాబ్ అన్నడు."

మావాళ్లు ప్రోగ్రాం అమ్మడానికి మిల్లులకు వెళ్లినప్పుడు చూపించే కాగితంలో, ప్రతిసారీ శాంపిల్ ముంచే పని లేదు అనే వాక్యం ఉంటుంది. అది రాసింది కూడా నేనే.

నీలాన్ని ఆయన ఒకేసారి వేయలేదు. కొంచెం వేసి, మిషన్ తిప్పి, ముక్క కోసి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, కిటికీ వెలుతురులో, రావాల్సిన పిస్తా రంగు ముక్క పక్కన పెట్టి చూశాడు. మళ్లీ కొంచెం. ఆవిరికి నా కళ్లద్దాలు మసకబారుతూనే ఉన్నాయి. సాయంత్రం నాలుగు దాటాక ఒక ముక్క నా చేతికిచ్చి, "జర చూడు" అన్నాడు. నాకు రెండూ ఒక్కలాగే కనిపించాయి. "కొద్దిగ మబ్బుగుంది. ఇగ నడుస్తది" అన్నాడు.

ఆయన ఉద్యోగం పోలేదు. మా ఓనరు రెండు వారాలు నాతో పనికి సంబంధించిన మాటలే మాట్లాడాడు. ఇప్పుడు రోజూ పొద్దున కూర్చోగానే ఒక అంకెను కావాలని తప్పుగా రాసి సేవ్ చేస్తాను. మూలన ఎరుపు వస్తుంది. దిద్దుతాను. ఆ తర్వాతే పని. చీటీ విషయంలో కూడా ఒక మార్పు చేశాం. ముందు శాంపిల్‌కు సరిపడా లెక్క మాత్రమే వస్తుంది. ముక్క ముంచి చూశానని మాస్టర్ నొక్కాకే మొత్తం చీటీ వస్తుంది. దీనివల్ల ప్రోగ్రాం నెమ్మదైందని రెండు మిల్లులు వదిలేశాయి. అమ్మేవాళ్ల కాగితంలోంచి ఆ వాక్యం తీసేయమని అడిగాను. పూర్తిగా తీయలేదు, 'ప్రతిసారీ' బదులు 'చాలాసార్లు' అని మార్చారు.

ఈమధ్య ఒక ఆదివారం డుమస్ బీచ్‌లో భజియా బండి దగ్గర, అంటే బజ్జీల బండి దగ్గర, కాకా కనిపించాడు, భార్యతో. "గీ పిల్లనే, నా నౌకరీ నిలబెట్టింది" అని ఆమెకు చెప్పాడు. నేను దాన్ని సరిదిద్దలేదు. ఆమె కాగితంలో టమాటా భజియాలు పెట్టి ఇచ్చింది. బాగా వేడిగా ఉన్నాయి. సముద్రం వైపు తిరిగి ముగ్గురం నిలబడే తిన్నాం.