అవ్వ గీసిన బొగ్గు గీత

మా వీధి అవ్వ పోయిందని శుక్రవారం పొద్దున బడికి కబురొచ్చింది. బోధన్‌లో చెరుకు కోసేవాళ్ళ గుడిసెల నుంచి మిల్లు గుమాస్తాల ఇళ్ళదాకా ఆమె ఆముదం చెయ్యి పడని కడుపు లేదు. కడుపునొప్పొచ్చి బొడ్డు జారిందంటే తోమించుకోడానికి ఆమె దగ్గరికే వెళ్ళేవాళ్ళం. రెండేళ్ళ కిందట నేనూ అందుకే వెళ్ళాను.

వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో వక్క పక్కకు తోసి, కళ్ళు మూసుకుని నొక్కింది. చటుక్కున చెయ్యి తీసేసింది.

“గిది బొడ్డు గాదు పంతులమ్మా. పేగుల గడ్డున్నది. నేను తోమ. దవాఖానకు పో.”

పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి ఆ చోట గీత గీసింది. “డాక్టరుకు సూపెట్టు. గప్పటిదాంక కడుగకు.”

నిజామాబాద్ డాక్టరు ఆ గీత చూసి నవ్వాడు. స్పిరిట్ దూదితో తుడిచేసి “గ్యాస్” అన్నాడు. తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీసినా ఏమీ కనబడలేదు. అవ్వ మాత్రం ఊరుకోలేదు. కనబడినప్పుడల్లా తిట్టింది. “గా డాక్టరు చేతులకు చెవులు లేవా? పేగు మొత్తుకుంటున్నది!”

ఆ పోరు పడలేక బొంబాయిలో మా అన్న దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఒక ఆసుపత్రికి అల్ట్రాసౌండ్ యంత్రం కొత్తగా వచ్చింది. కడుపుకి నూనె రాసి దానిమీద కడ్డీలాంటిది జరిపారు. మనకు వినబడని శబ్దం లోపలికి పోయి, తిరిగొచ్చి బొమ్మ కడుతుందట. అవ్వ గీసిన చోటే నల్లటి వలయం, మధ్యలో తెల్లటి మచ్చ. చిన్న పేగులో అరుదుగా వచ్చే కణితి అన్నారు. కోసి తీశారు, బతికాను.

తిరిగొచ్చి చెబితే అవ్వ ఆశ్చర్యపోలేదు. “మిషిన్‌కు గూడ నూనె గావాల్నా?” అని మాత్రం అడిగింది.

పోయిన దసరా తర్వాత ఆమె చిక్కిపోసాగింది. “పంతులమ్మా, నన్ను గా మిషిన్ కాడికి తోల్కపో” అంది. ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. నేనన్నది రాయడానికి సిగ్గేస్తోంది.

“గ్యాసే ఉంటదవ్వా. పరీక్షలు గానియ్యి, ఎండకాలం సెలవులల్ల పోదాం.”

మళ్ళీ అడగలేదు. నన్ను తిట్టినట్టు తిట్టి ఉంటే కదిలేదాన్నేమో. నా కడుపు కోసం అంత పోరిన మనిషికి తన కడుపు కోసం పోరడం చేతకాలేదు. ఆ డాక్టరుని రెండేళ్ళు తిట్టుకున్నాను, చివరికి ఆయన మాటే నా నోట వచ్చింది.

శవానికి స్నానం చేయించేటప్పుడు చెంబు నా చేతిలోనే ఉంది. చీర తొలగిస్తే పొట్టమీద, కుడిపక్కన, బొగ్గు గీత. చెరిగినప్పుడల్లా మళ్ళీ దిద్దుకున్నట్టుంది. చెంబు కింద పెట్టేశాను. పక్కింటామె చెంబు అందుకుని నీళ్ళు పోసింది. ఆముదంతో కలిపి గీసుకుందేమో, గీత వెంటనే పోలేదు.