సొరనూనె పూసిన కారు

మావయ్య పోయాడన్న కబురు నాకు భీమిలి బస్సు కండక్టరు చెప్పాడు. పొద్దున్నే స్కూలుకు బయల్దేరి స్టాపులో నిలబడి ఉంటే, బస్సు ఆపించి, కిందికి దిగి మరీ దగ్గరకొచ్చాడు. "టీచరమ్మా, మీ మావ తెల్లారగట్ట పోనాడమ్మా. ఈ బండే తిరిగి భీమిలి ఎల్తాది, ఎక్కీండి" అన్నాడు. ఆ రూట్లో కండక్టర్లందరికీ మావయ్య తెలుసు. ఈ చివరి ఏళ్ళలో నడిరోడ్డు మీద నత్తలా పాకే ఆయన కారు వెనక పడి, దారి దొరక్క తిట్టుకున్నవాళ్ళే అందరూ.

బస్సెక్కి కూర్చున్నాక నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనతో తేల్చుకోవలసిన తగువు ఒకటి నాకు మిగిలిపోయింది. చచ్చిపోయిన మనిషితో తగువేమిటని మీరు అనుకోవచ్చు. మావయ్యను ఎరిగినవాళ్ళయితే అలా అనుకోరు.

ఇంటికి వెళ్ళేసరికి అత్త అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "వచ్చినావా అమ్మీ" అంది. "బండి మీద గోనెలు కప్పినారో లేదో సూడు, మంచు పడతన్నాది" అంది. వెళ్ళి చూశాను. ఎవరో అప్పటికే కప్పారు.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. పోర్టులో లాంచి ఇంజను నడిపేవాడు. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. అదే ఇంజను దగ్గర కూర్చుంటే, స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, రోగి నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూసుకునేవాడు. "ఇంజను కాడ అరవకూడదే. బతిమాలాల" అనేవాడు. పదో తరగతితో నా చదువు మానిపిద్దామని నాన్న అనుకున్నప్పుడు, ఆ నాలుగు మాటలూ మావయ్య మా ఇంట్లోనే ఖర్చుపెట్టాడు. "బావా, ఈ గుంట సదువు ఆపకు. నా మాట ఇను" అన్నాడు. నాన్న విన్నాడు. ఇవాళ నేను సుద్దముక్క పట్టుకుని నిలబడుతున్నానంటే ఆ మాట చలవే.

ఇక కారు సంగతి. పోర్టులో ఒక ఇంజనీరు బదిలీ మీద వెళ్ళిపోతూ, కదలని పాత ఇంగ్లీషు కారును ఏం చేసుకోవాలో తెలియక మావయ్యకు ఇచ్చేశాడు. దాన్ని తాళ్ళు కట్టి, ఎడ్లతో భీమిలి దాకా లాగించుకొచ్చాడట. మోటారు బండిని ఎడ్లబండి చేసిన మొనగాడని మా అమ్మ చివరిదాకా ఎగతాళి చేసింది. అప్పటికి ఆయనకు పెళ్ళి కుదిరి ఉంది. అత్తవారిది కూర్మన్నపాలెం పక్క పల్లె. పెళ్ళిలో అప్పగింతల వేళ ఆయన అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఏడవకత్తా. నీ కూతుర్ని నా కార్లో తెత్తాను" అని అందరి ముందూ మాటిచ్చాడు. ఆవిడ మరి అల్లుడి కారు కోసం చూసి చూసి పోయింది. కారు తాటాకుల పాక కిందే ఉండిపోయింది. లాంచి ఉద్యోగం, పిల్లలు పుట్టి పోవడం, ఇల్లు కురవడం, ఇలా ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది.

అయితే దాన్ని గాలికి వదిలేశాడనుకోకండి. భీమిలి ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్ళుంటుంది? మా తాత పడవల మీద బతికిన మనిషి. ఏటా వానలకు ముందు పడవను ఒడ్డుకు లాగి, సొరచేప నూనె కాచి, అడుగంతా పట్టించేవాడు. మావయ్యకు తెలిసిన కాపుదల అదే. ఏటా అదే రోజుల్లో కారు కిందకి దూరి, గుడ్డతో సొరనూనె సందు విడవకుండా పూసేవాడు. ఆ వాసనకు ఊళ్ళో పిల్లులన్నీ పాకలో చేరేవి. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఇది కారేటి, ఎండుసేపల బుట్టేటి" అనేది. ఇనుము మాత్రం తుప్పు పట్టలేదు. అది చూసుకుని ఆయనకు ఎంత గర్వమో.

అలా ఏళ్ళు గడిచాక అత్త మోకాళ్ళు పట్టేశాయి. బస్సు మెట్టు ఎక్కలేకపోయేది. సరిగ్గా అప్పుడే స్టీలు ప్లాంటు కోసం ఆమె పుట్టిన ఊరు ఖాళీ చేయమన్నారని కబురొచ్చింది. కబురు తెచ్చింది ఆమె తమ్ముడే. "బేగి రా అప్పా. మరెన్నాళ్ళో ఉండదు" అని చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం అత్త మావయ్యతో, "కూలగొట్టీముందు ఒక్కసారి మా గుమ్మంలో కూకుని వచ్చీత్తాను. అంతే, మరేటీ అడగను" అంది.

టాక్సీ మాట్లాడతానన్నాను. మావయ్య ఒప్పుకోలేదు. "అద్దె బండిలో తీసుకెల్లడానికా నానంత మందిలో మాటిచ్చినాను? నా బండి కదుల్తాదే" అని పాకలోకి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పొద్దూ, కదిలించాడు. బిగుసుకుపోయిన ఇంజనులో కిరసనాయిలు పోసి నానబెట్టాడు. లాంచి పని అయ్యాక వచ్చి, చీకటి పడేదాకా విప్పడం, తుడవడం, బిగించడం. ఒక ఆదివారం హ్యాండిలు తిప్పి తిప్పి, చొక్కా తడిసిపోయాక, ఇంజను దగ్గి, నల్లగా పొగ కక్కి, అందుకుంది. అత్త అరుగు మీద నుంచే చప్పట్లు కొట్టింది. మావయ్య నా వైపు చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఇల్లలకగానే పండగవుతుందా? బండిని పాకలోంచి బయటికి తీసి బ్రేకు తొక్కితే, పెడలు నేలకంటా దిగిపోయింది. బండి వెళ్ళి గడ్డివాముకు గుద్దుకుంది. కంచరపాలెం నుంచి మెకానిక్కును పిలిచాను. అతను కారు కింద దూరి, వెంటనే బయటికొచ్చి చేతులు వాసన చూసుకున్నాడు.

"ఏటి రాసినావు బాబూ దీనికి?"

"సొరనూనె. ఏటా రాత్తాను" అన్నాడు మావయ్య, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

"ఓలమ్మో. పడవకి రాసింది కారుకి రాసీసినావా? రబ్బరుకి నూనె పడదు గదా. బ్రేకు గొట్టాలన్నీ ఉబ్బిపోయి వంకాయ కూరలాగైపోనాయి. ఇయ్యి ఇక్కడ దొరకవు, కలకత్తా నుంచి రావాల."

మావయ్య ఆ గొట్టం ముక్క చేతిలో పట్టుకుని నొక్కి చూశాడు. అది మెత్తగా వేళ్ళకు అంటుకుంది. "బతకాలనే రాసినానే" అన్నాడు. నాతో అన్నాడో, కారుతో అన్నాడో తెలియదు.

అప్పుడైనా టాక్సీలో వెళ్ళొచ్చు కదా? నా కోపమంతా అక్కడే. అత్తను పక్కకు పిలిచి, రేపే బయల్దేరదామన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆ మడిసి మొకం సూసినావా? ఇప్పుడు నాను అద్దె కారెక్కితే, మరింక లెగడమ్మీ. ఉండనీ. గొట్టాలొత్తాయి." మొండితనం ఆయనది, దాని బరువు ఈమెది. మధ్యలో నేను పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల విడిభాగాల కొట్లన్నీ తిరిగాను, లేవనిపించుకుని వచ్చాను. కలకత్తా వెళ్ళే ఓడలో ఎవరికో మావయ్య చెప్పి పంపాడు. ఇక ఎదురుచూడడం తప్ప మా ముగ్గురి చేతుల్లోనూ ఏమీ లేదు.

ఈలోగా అత్త తమ్ముడు మళ్ళీ వచ్చాడు. కొత్త కాలనీలో ఇల్లు కట్టుకోవడానికి పనికొస్తాయని తలుపులు, ద్వారబంధాలు ఊడదీసి పట్టుకుపోయామని చెప్పాడు. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. ఇంకొన్నాళ్ళకు ఊరంతా చదును చేసేశారని తెలిసింది. గొట్టాలు ఆ తర్వాత వచ్చాయి. చేతులు కాలాక ఆకులు. అయినా మావయ్య వాటిని బిగించాడు. బిగించి, చేతులు కడుక్కుని, అత్త ముందు నిలబడి, "ఎల్దామా?" అన్నాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. పెట్టెలోంచి పట్టుచీర తీయమని నాకు చెప్పింది.

అత్త వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను. సిటీ దాటి, గాజువాక దాటి, కూర్మన్నపాలెం వెళ్ళేసరికి ఎండ ఎక్కింది. అక్కడి నుంచి ఊరికి దారి ఉండాలి. లేదు. కంటికి ఆనినంత మేర ఎర్రమట్టి, అక్కడక్కడా పాతిన సర్వే రాళ్ళు. ఒక చెట్టు లేదు, ఒక నుయ్యి లేదు.

"ఇక్కడేనేమో, ఆపు" అంది అత్త. ఆపాడు. "కాదు, కొంచెం ముందుకి." పోనిచ్చాడు. "ఎనక్కి రా." వచ్చాడు. ఎవరి మాటా వినని ఆ మనిషి, ఆమె ఎటు అంటే అటు ఆ మట్టిలో బండిని తిప్పుతూ ఉన్నాడు. చివరికి అత్త, "ఇక్కడే అనుకుందాంలే" అంది.

మావయ్య బండి ఆపి, హారన్ కొట్టాడు. ఆగి, ఇంకోసారి కొట్టాడు. అల్లుడు వచ్చాడని లోపలివాళ్ళకు తెలియాలి కదా. ఆ బయలులో ఆ మోత ఎటు పోయిందో కూడా తెలియలేదు. నేను తల వంచుకున్నాను.

అప్పుడు అత్త వెనక తలుపు తెరిచింది. దారిలో తాగడానికి తెచ్చిన మంచినీళ్ళ మరచెంబు అందించమంది.

"దిగవయ్యా. మా ఇంటి కాడ అల్లుడొత్తే ముందు కాళ్ళకి నీళ్ళిత్తారు" అంది.

మావయ్య దిగి, చెప్పులు విడిచి, ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. అత్త సీట్లోంచి వంగి, ఆయన పాదాల మీద నీళ్ళు పోసింది. ఆయన ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకున్నాడు. ఎర్రమట్టి ఆ నీళ్ళను పోసినవి పోసినట్టే పీల్చేసుకుంది. చెంబు ఖాళీ అయిపోయింది. అత్త దాన్ని వంచే ఉంచింది. మావయ్య కాళ్ళు తీయలేదు.