రబ్బరుకు నూనె పూసిన స్టోరు

1961 మార్చిలో నన్ను హిందూపురం నుంచి పెనుకొండ డిపోకు సూపర్‌వైజరుగా వేశారు. స్తంభాల నుంచి కరెంటు తీగలు లాగి ఇళ్లకు వైరింగు చేసే కాంట్రాక్టు కంపెనీ మాది. పేరు ఇప్పుడు అనవసరం. స్టోరులో రబ్బరు తొడుగు పిడుల కటింగ్ ప్లేయర్లు, స్క్రూడ్రైవర్లు, స్తంభం మీద పనికి రబ్బరు గ్లౌజులు ఉండేవి. నెలకోసారి వాటిని పరీక్షించి, రిజిస్టరులో 'బాగున్నవి' అని రాసి సంతకం పెట్టడం సూపర్‌వైజరు విధి. గ్లౌజు పరీక్ష సులువే. మణికట్టు వైపు నుంచి చుట్టుకుంటూ వచ్చి, లోపలి గాలిని వేళ్లలోకి బిగించి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కాలి. సుయ్యిమంటే చిల్లి ఉన్నట్టు. నాకు చేతిరాత బాగుంటుందని పేరు. అందుకని సంతకం ఒక్కటే శ్రద్ధగా పెట్టేవాణ్ణి.

స్టోర్‌కీపరు హనుమంతప్పది సోమందేపల్లి పక్క పల్లె, సేద్యం చేసే కుటుంబం. ఆరేళ్లుగా టెంపరరీ. ధర్మవరం నుంచి ఇంజనీరు తనిఖీకి వచ్చి స్టోరు బాగుందని రాస్తే పర్మినెంటు, లేకపోతే ఇంటికి. అందుకే సామాను మీద ప్రాణం పెట్టుకున్నాడు. బీరువా తెరిచినప్పుడల్లా పిడులు నిగనిగలాడేవి. దూరం నుంచే మెచ్చుకునేవాణ్ణి.

జూన్‌లో తనిఖీ. ఆ రోజు పొద్దున మొదటిసారి ఒక ప్లేయరు చేత్తో పట్టుకున్నాను. అది నన్ను వదల్లేదు. పిడి మీది రబ్బరు బెల్లప్పాకంలా జిగురై అరచేతికి నల్లగా అంటింది. వచ్చే సోమవారం వైర్‌మెన్లకు పంచాల్సిన కొత్త గ్లౌజులు ఉబ్బిపోయి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

ఏం పూసినావప్పా అని అడిగాను.

"శెనిక్కాయ నూనె సార్, వారానికొకతూరి. మా నాయన కపిల తోలుకు ఇట్లే పూస్తాండె. పదేండ్లయినా మెత్తగానే ఉండాది," అన్నాడు గర్వంగా.

బావి నీళ్లు తోడే తోలుసంచికి నూనె మంచిదే. రబ్బరును మాత్రం అది ఉబ్బించి, జిగురు చేసి, చివరకు చీలుస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఒక్కసారి ముట్టుకుని ఉంటే చెప్పేవాణ్ణి. విషయం విన్నాక హనుమంతప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంజనీరు వచ్చే రైలుకు ఇంకా గంట ఉంది. ఇంటికి పరుగెత్తి మా ఆవిడ మొహానికి పూసుకునే పౌడరు డబ్బా పట్టుకొచ్చాను. ఇద్దరం కలిసి పిడులకూ గ్లౌజులకూ పెళ్లికూతురి ముస్తాబు చేశాం. జిగురు కనబడకుండా పోయింది. స్టోరంతా గుబాళించింది.

ఇంజనీరు సొంతూరు అగళి వైపు. లోపలికి రాగానే ముక్కు ఎగబీల్చి, "ఏమబ్బా, సామాను యాడికన్నా పెండ్లికి పోతాండాదా?" అన్నారు. ఒక గ్లౌజు తీసి చుట్టి నొక్కారు. సుయ్యిమనలేదు. బొటనవేలు ఊడొచ్చి, పౌడరుతో సహా నా చొక్కా మీద పడింది. నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు. రెండో గ్లౌజు నా ముందు పెట్టి, ఇది తొడుక్కుని స్తంభమెక్కి తీగ ముట్టుకుంటావా అని అడిగారు. సోమవారం వాటిని తొడుక్కోబోయే మనుషుల పేర్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గేసింది, భయం కూడా వేసింది.

హనుమంతప్ప చేతులు కట్టుకుని, నూనె పూసింది తానేనని, తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఇంజనీరు రిజిస్టరు తెరిచి నా మూడు సంతకాలూ చూశారు.

"తెలీక పూసినా ఆయప్ప వారవారం ముట్టుకున్నాడు. నువ్వు ముట్టుకోకనే సంతకం పెట్టినావు," అన్నారు.

పాడైన సామానంతా పారేయించి, అక్కడే కూర్చుని రెండు కాగితాలు రాశారు. ఒకటి హనుమంతప్పను పర్మినెంటు చేయమని. ఇకపై రబ్బరుకు నూనె తగలనీయకుండా, సుద్దపొడి చల్లి, ఎండ పడని చోట దాచమని అందులోనే సూచన. రెండోది నాకు. ఆరు నెలలపాటు ఇదే స్టోరు గ్లౌజులు తొడుక్కుని వైర్‌మెన్లతోపాటు స్తంభాలెక్కాలి.

ఆ ఆరు నెలల్లో ఒక్క గ్లౌజునూ చెవి దగ్గర నొక్కకుండా తొడగలేదు. నిల్వ సామాను ఎలా ఉందో చేత్తో పట్టుకున్నవాడే చెప్పగలడని తెలిసింది. తర్వాత నేను అధికారినైన ప్రతి డిపోలోనూ, రిజిస్టరులో సంతకం పెట్టేవాడే ముందు ఆ గ్లౌజు తొడిగి స్తంభమెక్కాలని నియమం పెట్టాను. సూపర్‌వైజర్లందరూ నా మీద పళ్లు నూరారు. గ్లౌజు చిల్లి వల్ల మాత్రం ఎవరూ పోలేదు.