ఇరవై ఆరును డెబ్బై ఎనిమిది చేసిన ఘనుడు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు (ఇరవై రెండేళ్ల వయసులో ఎవరికి మాత్రం ఉంటుంది?). ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో నంద్యాల పోయి ఎమ్మెస్సీ లెక్కలు చదివేవాణ్ణి. నా ప్రాజెక్టు ఇదీ: సున్నా నుంచి పన్నెండు దాకా పదమూడు చుక్కలు గుండ్రంగా పెట్టాలి. ఏ సంఖ్య వర్గాన్నయినా పదమూడుతో భాగిస్తే, సున్నా పోను, మిగిలే శేషాలు ఆరే: ఒకటి, మూడు, నాలుగు, తొమ్మిది, పది, పన్నెండు. రెండు చుక్కల తేడా వీటిలో ఒకటైతే గీతతో కలపాలి. చివరికి, ఒకదానితో ఒకటి కలిసిన మూడేసి చుక్కల జట్లు ఎన్నో తేల్చాలి. గీతలు ముప్పై తొమ్మిది వచ్చాయి. ఒక్కో గీత మీద రెండేసి జట్లు. గుణిస్తే డెబ్బై ఎనిమిది. పుస్తకంలో మాత్రం ఇరవై ఆరని ఉంది. ఇంకొకడైతే తన లెక్క మళ్లీ చూసుకునేవాడు. నేను "పుస్తకం తప్పు" అని చివరి పేజీలో రాసి, నాలుగు కాపీలు బైండు చేయించి, వీధంతా చాటుకున్నాను.

వైవా రోజు పొద్దున మా మేనత్త కుంకుమ భరిణెతో ఇంటికొచ్చింది. ఊళ్లో ఎవరింట పెళ్లయినా ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలిచే పని ఆమెదే. చదివింది ఐదో తరగతి. "ఏందప్పా, పుస్తకాన్నే ఓడిచ్చినావంట? యాడా, చూపిచ్చు" అంది. జాలిపడి (అవును, జాలే) బొమ్మ తెరిచి సున్నా, ఒకటి, నాలుగు చుక్కలు చూపించాను.

"ఈ గీత మీద ఇదొక జట్టు, అత్తా."

"సరే. ఈ పక్క గీత మీద?"

"ఇదీ ఒక జట్టే."

"ఆ మూడో గీత మీద?"

"ఇంకొకటి."

"ముగ్గురూ వాళ్లే గదరా! ఒకింట్లో ముగ్గురు తోడికోడండ్లకు బొట్టు పెట్టొచ్చి, మూడిండ్లు పిలిచినా అంటే పెండ్లోళ్లు ఊరుకుంటారా?"

డెబ్బై ఎనిమిదిని మూడుతో భాగించాను. ఇరవై ఆరు! వైవా పోతే ఏడాది పోయినట్టే. వైట్‌నర్ కొనుక్కుని బస్సెక్కి, నాలుగు కాపీల్లోనూ ఆ డెబ్బై ఎనిమిది మీదా, "పుస్తకం తప్పు" మీదా పూస్తూ పోయాను. గుంతల పుణ్యమా అని పక్కనున్న పెద్దాయన పంచెకూ కొంత పూశాను. "ఏందప్పా, నాకు సున్నం కొడతాండావా?" అన్నాడాయన.

వైవాకొచ్చిన పెద్దసారు ఆ పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, తెల్లపూత కింద ఉన్నదంతా చదివేశారు.

"ఈ తప్పు ఎవరు పట్టుకున్నారు?"

అబద్ధం చెబుదామనుకునేలోపే నిజం బయటికొచ్చేసింది. "మా అత్త సార్."

"ఆమె ఏ కాలేజీలో పనిచేస్తారు?"

"కాలేజీ లేదు సార్. పెండ్లిండ్లకు పిలుస్తాది."

ఆయన కళ్లజోడు తీసి మరీ నవ్వి, ఆమె చెప్పినట్టే బోర్డు మీద చెప్పమన్నారు. తోడికోడళ్లతో సహా చెప్పాను. పాసయ్యాను.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. నిరుడు ఒక పుస్తకంలో నిజంగానే తప్పు కనిపించింది. మూడుసార్లు లెక్క చూసుకున్నాను, ఇద్దర్ని అడిగాను, చివరికి పెన్సిలుతో పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి మూసేశాను. ఆ ఇరవై రెండేళ్లవాడు గనక చూసి ఉంటే నన్ను ఎంత ఎగతాళి చేసేవాడో!