తుమిరా అవ్వ విసనకర్ర

మా ఊళ్ళో ఏ ఇంట పెళ్ళి జరిగినా, మగపిల్లాడికి సున్తీ జరిగినా, అన్నం పొయ్యి ముందు కూర్చునేది తుమిరా అవ్వే. కూరలకు ఎవరైనా చెయ్యి వెయ్యొచ్చు. ఊళ్ళో ఆడవాళ్ళంతా పెళ్ళింటికి చేరి, పనసకాయ కోసేవాళ్ళు కోస్తారు, కొబ్బరి తురిమేవాళ్ళు తురుముతారు, ఊరికే కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళు చెబుతారు. అన్నం మాత్రం ఒక్క చేతి మీదుగానే ఉడకాలి. పొయ్యి వెలిగించిన మనిషి ఆఖరి బంతి లేచేదాకా దాని ముందు నుంచి కదలకూడదు. పెళ్ళి రెండు రోజులైతే రెండు రోజులూ స్నానం చేయకూడదు, ఇంటికి వెళ్ళకూడదు. విసనకర్ర నేల మీద పెట్టకూడదు. దొడ్లోకి వెళ్ళాల్సి వస్తే పక్కనున్న మనిషి చేతికిచ్చి లేవాలి, తిరిగొచ్చి ఆ చేతిలోంచే తీసుకోవాలి. ఈ పద్ధతి తప్పితే బియ్యం ఎంత పోసినా అన్నం చాలదంటారు. పెళ్ళింట అన్నం చాలకపోతే ఆ ఇంటివాళ్ళు ఊళ్ళో తలెత్తుకు తిరగలేరు.

అవ్వ కొత్త పెళ్ళికూతురుగా జావా నుంచి ఓడలో లాంపుంగ్ వచ్చింది. అప్పటికి ఇక్కడ ఊరు లేదు. కాలిన చెట్ల మొదళ్ళు, రేకుల ఇళ్ళు, వాటి మధ్య మా తాతలు నాటుకున్న కర్రపెండలం ఉండేవి. మొదటిసారి ఎవరింట్లోనో విందు పెట్టాల్సి వచ్చినప్పుడు, పదిమందికీ అన్నం ఆవిరి పట్టడం ఎవరికి తెలుసని పెద్దవాళ్ళు అడిగారట. అందరికంటే చిన్నదైన తుమిరా, తన తల్లి చేస్తుంటే చూశానంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమెను పొయ్యి ముందు కూర్చోబెట్టారు. మళ్ళీ ఎవరూ లేవనివ్వలేదు.

ఆవిడ కనుబొమ్మలు మంటకు కాలి, మొలిచి, మళ్ళీ కాలి చివరికి మొలవడం మానేశాయి. కుడి ముంజేయి ఎప్పుడూ ఎర్రగా ఉండేది. భర్త పోయినప్పుడు ఏడో రోజు ప్రార్థనకు వచ్చినవాళ్ళందరికీ అన్నం ఆవిడే వండింది. ఏడవడానికి కూడా పక్కకు వెళ్ళలేదు, విసనకర్ర చేతిలో ఉంది కదా.

ఇదంతా నాకెలా తెలుసంటే, నాన్న కాలు పోయి నా బడి ఆగిపోయిన దగ్గర్నుంచి విందు వంటల్లో బియ్యం కడిగేది నేనే. నాకు నలుగురిలో మాట రాదు. మాట్లాడని పిల్లకు అన్నం పొయ్యి పక్కే మంచిదని ఆడవాళ్ళు నన్ను అక్కడికి తోశారు. అవ్వ కూడా తక్కువే మాట్లాడేది. సగం ఉడికిన అన్నం నేను అందిస్తే, ఆవిడ దేవుణ్ణి తలుచుకుని, దాన్ని కోసుగా అల్లిన వెదురు బుట్టలో పోసి, రాగి బానలో మరుగుతున్న నీళ్ళ మీద నిలబెట్టేది. అప్పుడప్పుడు జావాలోనే ఉండిపోయిన వాళ్ళక్క లసియెం గురించి చెప్పేది. ఓడ ఎక్కిన రోజు నుంచి అక్కచెల్లెళ్ళు మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. ఏటా వెళ్దామనుకోవడం, ఏటా పెండలం తవ్వకాలు అయ్యాక పెళ్ళిళ్ళు మొదలవడం, అంతే.

క్రితం ఏడాది ఎండాకాలంలో లసియెం కొడుకు పక్కింటివాళ్ళ ఫోన్‌కు చేశాడు. అమ్మకు చూపు తగ్గిపోతోందని, ఉపవాసాల నెల దాకా కూడా కళ్ళు ఉండేలా లేవని చెప్పాడు. చెల్లెలి మొహం ఒక్కసారి చూడాలని ఆమె రోజూ అడుగుతోందట. అవ్వ ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. అవతల అతను ఎప్పుడో పెట్టేశాడు.

దారి కూడా దానంతటదే దొరికింది. మా ఊరి కస్నో పెండలం పిండి లారీ నడుపుతాడు. ఎప్పుడూ పడవ మీద జావా ఒడ్డుకు దాటగానే సరుకు దించి వెనక్కి వచ్చేస్తాడు. ఈసారి మాత్రం పుట్టింటికెళ్ళిన భార్యను తీసుకురావడానికి వొనొగిరి దాకా పోతున్నాడు. అది లసియెం ఊరి దారే. చదువు రాని అవ్వ ఒంటరిగా బస్సులు మారి వెళ్ళలేదు. కొడుకు మిస్రాన్ తోట వదిలి రాడు. వెళ్తే ఈ లారీలోనే వెళ్ళాలి. కస్నో ఒప్పుకున్నాడు. దారిలో తనకు నిద్ర రాకుండా కబుర్లు చెప్పాలి మరి అన్నాడు. అవ్వ కబుర్లు చెప్పడమేమిటని ఊరంతా నవ్వింది.

లారీ బయలుదేరే రోజే హార్నీ పిన్ని కూతురి పెళ్ళికి రెండో రోజు. వధూవరుల పుట్టిన దినాలు కలిపి పెద్దలు లెక్క కట్టిన ముహూర్తం అది, మారదు. కస్నో సరుకూ ఆగదు. అవ్వ ముందే వెళ్ళి, ఈసారికి తనను వదిలెయ్యమని హార్నీ పిన్నిని అడిగింది. పిన్ని అవుననలేదు, కాదనలేదు. టీ ఇచ్చి పంపింది.

మా దగ్గర విందుకు పిలవాలంటే మాటతో పిలవరు. అన్నం, కోడి ముక్క, ఆలుగడ్డ వేపుడు, వేరుసెనగ అప్పడాలు బుట్టలో సర్ది ఇంటికి పంపుతారు. బుట్ట తిప్పి పంపితే రానన్నట్టు. తిన్నారంటే వచ్చి తీరాలి. అన్నం పొయ్యి మనిషికి పంపే బుట్టలో ఒక నిండు కోడి కాలు పెడతారు. ఆ కాలు తిన్న ఇంటి నుంచే పొయ్యి వెలిగించే చెయ్యి రావాలి.

ఆ బుట్ట అవ్వ పొలంలో ఉన్నప్పుడు వచ్చింది. నేను ఆవిడతో పెండలం తొక్క తీసి తిరిగొచ్చేసరికి మిస్రాన్ వేళ్ళు నాకుతున్నాడు.

"ఎవరు తెచ్చారురా ఇది?" అంది అవ్వ.

"హార్నీ పిన్ని కోడలు. బల్ల మీద పెట్టి పోయింది."

"పెట్టిపోతే తినేస్తావా? నన్నడగాలని తెలీదా?"

"రబ్బరు చెట్లు గీసి వచ్చానమ్మా. ఆకలేసింది. ఏ కోడి కాలు ఎవరిదో అడిగి తినే ఓపిక ఎక్కడుంది?"

అవ్వ బుట్ట లోపల చూసింది. ఎముక కూడా నమిలేశాడు. ఆవిడ బుట్ట కడిగి ఎండలో బోర్లించింది.

సాయంత్రం అవ్వతో నేనూ పెళ్ళింటికి వెళ్ళాను. ఆడవాళ్ళు ఉల్లిపాయలు ఒలుస్తున్నారు. అవ్వ జరిగింది చెప్పింది. వాడు తెలియక తిన్నాడని, వేరే మనిషిని చూసుకోమని అంది.

హార్నీ పిన్ని ఉల్లిపాయ మీంచి తల ఎత్తలేదు. "తిన్నది కక్కమంటానా అత్తా. కస్నో లారీ ఎప్పుడైనా పోతుంది. నా కూతురి పెళ్ళి మళ్ళీ మళ్ళీ వస్తుందా?"

"రాదని ఏముంది? అల్లుణ్ణి చూశాంగా" అంది మూల కూర్చున్న సుతిని వదిన.

అందరూ నవ్వారు, పిన్ని కూడా. నవ్వు ఆగేసరికి అవ్వ మాటకు జవాబు అక్కర్లేకుండా పోయింది. ఒకామె అవ్వ చేతికి చిన్న కత్తి ఇచ్చింది. అవ్వ కూర్చుని ఉల్లిపాయ ఒలిచింది. ఇంటికి వచ్చేటప్పుడు, రాలేనని అక్కకు కబురు చెయ్యాలి, మళ్ళీ ఎవరి ఫోన్ అడగను అంది.

పెళ్ళి మొదటి రోజు తెల్లవారకముందే అవ్వ పొయ్యి వెలిగించింది. దిష్టి తగలకుండా పక్కన అరిటాకులో గుడ్డు, ఎండుమిరపకాయ, ఉల్లిపాయ పెట్టింది. మధ్యాహ్నం నేను కొబ్బరి పీచు కోసం వెనక్కి వెళ్తే, పీచు కుప్ప వెనక నీలం గుడ్డ మూట కనిపించింది. ముడి సందులోంచి అప్పడాల సంచి అంచు, కొత్త లుంగీ అంచు బయటికి వచ్చాయి. దాని మీద మళ్ళీ పీచు కప్పి వచ్చాను. అవ్వ నన్ను చూసింది. నేను బియ్యం కడుగుతూ కూర్చున్నాను.

రెండో రోజు ఉదయం ఆవిడ వేసుకున్న చెప్పులు పొయ్యి దగ్గర వేసుకునేవి కావు. పండగ ప్రార్థనకు వేసుకునేవి. బయట మైకులో పాటలు మొదలయ్యాయి. అతిథులు రావడం మొదలైంది. మూడో బుట్ట ఆవిరి మీదకు ఎక్కించి అవ్వ నా వైపు తిరిగింది.

"నింగ్, ఇది పట్టుకో."

"ఎక్కడికవ్వా?"

"దొడ్లోకి."

విసనకర్ర నా చేతిలోకి వచ్చింది కానీ, ఆవిడ వేళ్ళు కాసేపు దాన్ని వదల్లేదు. నా కళ్ళలోకి చూడలేదు.

"ఆవిరి బుట్ట అంచు దాటి పైకొచ్చాకే దించు. మధ్యలో మూత తీసి చూడకు. బియ్యం గది తాళం ఇదిగో."

దొడ్లోకి వెళ్ళేవాళ్ళు చెప్పే మాటలు కావవి. నేను తాళం తీసుకుని నడుముకు దోపుకున్నాను. అవ్వ పీచు కుప్ప వైపు నడిచింది. మైకు పాట మధ్యలో కస్నో లారీ హారన్ వినిపించింది. లారీ కాసేపు ఆగింది. తర్వాత గేరు మారిన చప్పుడు, దూరమవుతున్న చప్పుడు.

నేను విసురుతూనే ఉన్నాను. బుట్ట దించి ఇంకొకటి ఎక్కించాలంటే రెండు చేతులూ కావాలి. విసనకర్ర కింద పెట్టకూడదు. అప్పుడు అవ్వ చేసినట్టే పళ్ళతో కరిచి పట్టుకున్నాను. అదే సమయానికి హార్నీ పిన్ని కూతురి పెళ్ళికని వేసుకున్న పట్టు జాకెట్టులో లోపలికి వచ్చింది.

"అత్త ఏది?"

నేను విసనకర్ర నోట్లోంచి తీశాను. "దొడ్లోకి వెళ్ళింది."

పిన్ని దొడ్డి వైపు చూసింది. దాని తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. నా చేతిలోంచి విసనకర్ర తీసుకోబోయి ఆగిపోయింది. ఇచ్చిన మనిషి తప్ప ఇంకెవరూ దాన్ని తీసుకోకూడదు. చుట్టూ ఆడవాళ్ళు కూరలు కలపడం ఆపి నన్నే చూస్తున్నారు. నా మొహం మంటకు కాలుతోందో సిగ్గుకు కాలుతోందో తెలియలేదు.

"అన్నం తగ్గిందో..." అని పిన్ని ఆగింది. మిగతాది అనకుండానే బయటికి, అతిథుల దగ్గరికి వెళ్ళింది.

అన్నం తగ్గలేదు. ఆఖరి బంతి లేచాక బుట్ట అడుగున ఇంకా మిగిలింది. తగ్గి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ సాయంత్రం ఆడవాళ్ళు నా చుట్టూ చేరి, పిల్లకు చెయ్యి వచ్చిందన్నారు. సుతిని వదిన నా కనుబొమ్మలు చూసి, వీటి మీద ఇక ఆశ వదులుకో అంది. అమ్మ పక్కన నిలబడి వింటోంది. నా గురించి ఎవరైనా మంచిగా అనడం ఆమె చాలాకాలం తర్వాత వింది.

కస్నో లారీ తిరిగొచ్చాక అవ్వ తిన్నగా మా ఇంటికే వచ్చింది. మా అరుగు మీద కూర్చుని, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. అంతసేపు ఆవిడ మాట్లాడగా నేను ముందెప్పుడూ వినలేదు.

"మా అక్క ఇంట్లో లేదే. పక్కూళ్ళో పెళ్ళట. అన్నం పొయ్యి ముందుందట."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. అవ్వే నవ్వింది.

"చూపు లేకపోయినా వదలరే దాన్ని. ఆవిరి వాసన పట్టి చెబుతుందట ఉడికిందో లేదో. నేనేమో రెండు రోజులుగా నీళ్ళు పోసుకోకుండా, పొగ కంపు కొడుతూ వెళ్ళా. నేను నోరు తెరవకముందే తల తిప్పింది. మంట వెలుగులో కాస్త చూసింది. మిగతాది తడిమింది. నా కనుబొమ్మల దగ్గర వేలు ఆపి, నీకూ కాలిపోయాయా అంది."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఇది పట్టుకోవే అని విసనకర్ర నా చేతిలో పెట్టి దొడ్లోకి పోయింది. ఇది కూడా ఎటైనా పారిపోతుందేమోనని నాకు గుండె దడ. వచ్చిందిలే. ఆ పెళ్ళి అయ్యేదాకా దాని పక్కనే కూర్చున్నా. కస్నో హారన్ కొట్టాడు, లేచి వచ్చేశా."

అలా ఆవిడ అక్కను చూసింది.

ఆ తర్వాత అవ్వను ఎవరూ పొయ్యి ముందుకు పిలవలేదు. పొయ్యి వదిలి పోయిన చెయ్యి అని కొందరు మొహం మీదే అన్నారు. అవ్వకు కోపం రాలేదు. రోజూ చీకటి పడకముందే స్నానం చేసి, తల దువ్వుకుని మా అరుగు మీదకు వచ్చేది. ఇంత నీళ్ళు ఎప్పుడైనా పోసుకున్నానా అనేది. కానీ ఎక్కడైనా మైకు వినబడితే మాట ఆపి, ఎవరింట్లో అని అడిగేది.

మెత్రో పట్నంలో మా మేనత్త ఉంది. ఆవిడ ఇంటి దగ్గర సాయంత్రాలు పెద్దపిల్లలకు చదువు చెబుతారట. ఆగిపోయిన దగ్గర్నుంచి చదివి పరీక్ష రాయవచ్చట. పెండలం డబ్బులు రాగానే పంపిస్తానని నాన్న అన్నాడు. నేను ఒక సంచిలో బట్టలు సర్దుకున్నాను. అవ్వకు మాత్రమే చూపించాను. నీలం గుడ్డలో కట్టుకోకపోయావా, అచ్చొచ్చింది అంది.

నిన్న సాయంత్రం ఊరి చివర తోటవాళ్ళ ఇంటి నుంచి ఒకమ్మాయి బుట్ట పట్టుకుని వచ్చింది. వాళ్ళబ్బాయి పెళ్ళట. నేను బావి దగ్గర ఉన్నాను, అవ్వ అరుగు మీద ఉంది. ఆవిడ లేచి నిలబడి నన్ను పిలిచింది.

"నింగ్, లోపలికి పరిగెత్తు. తిప్పి పంపెయ్యి."

బొక్కెన అక్కడే వదిలి పరిగెత్తాను. అమ్మ బల్ల దగ్గర నిలబడి ఉంది. మూత తీసేసింది. ఒక చేత్తో కోడి కాలు నాన్న పళ్ళెంలో పెడుతూ, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

"చూడవే" అంది. "నిండు కాలు పంపారు నీకు."

నాన్న అప్పటికే ఒక ముద్ద తిన్నాడు.