పొడుగు గొట్టమే బిగించమన్నాను

ఈ రోజు ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి నంద్యాల వెళ్లి, మా నాటు తుపాకికి కొత్త గొట్టం ఎంచుకుని వచ్చాను. మా ఆయన పోయాక లైసెన్సు నా పేరుకు మార్పించుకున్నాను గానీ, పాత గొట్టం చీలిపోయి తుపాకి మూలన పడింది. అడవిపందులేమో మా చెనక్కాయ చేను తవ్విపోస్తున్నాయి. ఆడదాన్ని కాపలా కాయలేనని, చేను తనకు గుత్తకిమ్మని మరిది ఒకటే పోరు. ఈ రోజు పిలవకుండానే నా వెంట వచ్చాడు.

తుపాకులు బాగుచేసే సాయబు, నేను తీసుకుపోయిన తుపాకి చూసి రెండు గొట్టాలు ముందు పెట్టాడు. ఒకటి పొట్టిది, తేలిక. రెండోది పొడుగుది, బరువు. నేను పొడుగుదాన్ని ఎత్తి, వెలుతురుకేసి పట్టి లోపల చూశాను. ఎక్కడా వంకర లేదు.

“ఆ పొట్టిదియ్యప్పా. ఇంత బరువు మా వదిన యాడ మోస్తాది?” అన్నాడు మరిది.

సాయబు నావైపు తిరిగాడు. “నువ్వేమంటావమ్మా?”

“దూరం పోయేది పొడుగుదే గదా, అదే బిగించు” అని, మరిదితో చెప్పాను. “మోసేది నేను, కాల్చేది నేను. గుత్త మాట ఇంగ నా ముందర ఎత్తాకు.”

తిరుగు బస్సులో అతను వేరే సీటులో కూర్చున్నాడు. శిరివెళ్ల దాటాక మెల్లగా వెనక్కి తిరిగి, “పందుల్నే గదా వదినా కాల్చేది?” అని అడిగాడు.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. జవాబు చెప్పి ఉండాల్సిందంటారా?