చెప్పులు, రోడ్డు, ఒక మైకు కర్ర

మా మనవరాలు ఒక మనిషిని తన చెప్పులతో ఉరికంబం మీంచి దింపింది. సరే, ఉరికంబం కాదు, కాలేజీ లోంచి వెళ్లగొట్టబోతుంటే ఆపింది. చెప్పులు మాత్రం నిజం.

ఆమె చదివేది సినిమా తీయడం. యుద్ధం వద్దంటూ విద్యార్థులు ఊరేగింపు తీస్తే కెమెరాతో వెళ్లింది. శబ్దం పట్టే పని తోటి విద్యార్థిది. చెవులు పెద్దవని వాడికి చేట అని పేరు. పొడుగాటి కర్రకు మైకు కట్టి, రెండు చేతులతో పైకెత్తి నడిచాడు. కాసేపటికి లాఠీలు లేచాయి. మర్నాడు కాలేజీలో నోటీసు: చేట ఆ కర్రతో పోలీసును కొట్టాడట, ఇక కాలేజీకి రాకూడదట. వాడేమో విరిగిన చేతితో ఆసుపత్రిలో ఉన్నాడు.

"అబద్ధాలకోరులు. అంతా తీశాను, చూపిస్తాను," అని మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుంది.

తెర మీద లాఠీ లేదు, జనం లేరు. ఊరేగింపు మొదట్లోనే తోపులాటలో బటన్ ఒకసారి ఎక్కువ నొక్కుకుపోయింది. ఇక తీస్తున్నాననుకున్నప్పుడల్లా కెమెరా ఆగింది, ఆపాననుకున్నప్పుడల్లా తిరిగింది. గంటసేపు తన చెప్పులు, తారురోడ్డు.

"తరగతిలో నీ అంత కెమెరామనిషి లేరన్నావుగా," అన్నాను.

"నువ్వు కాసేపు ఊరుకో తాతయ్యా."

లాఠీలు లేచినప్పుడు ఒక పోలీసు "కెమెరా ఆపు" అని అరిచాడట. ఆమె ఆపాననుకుంది. సరిగ్గా అక్కడే అది తిరగడం మొదలుపెట్టింది. తెర మీద చెప్పుల పక్కనే కర్ర కింద పడింది. పోలీసు బూటు దాన్ని రెండు ముక్కలు చేసింది. "సార్, అది మైకు సార్," అని చేట గొంతు. తర్వాత దెబ్బ చప్పుడు.

ప్రిన్సిపాల్ చూసి, "ఇందులో ముఖాలు లేవు కదమ్మా," అన్నాడు.

"ఉంటే చెరిపేయమనేవారు."

"ఇది నలుగురికీ చూపిస్తే నీకు కెమెరా పట్టడం రాదని రాసుకుంటారు."

"రాసుకోనివ్వండి. చేటకు కొట్టడం రాదని పక్కనే రాయమనండి."

అందరినీ పోగేసి, కాలేజీ హాలు గోడ మీద ఆ గంటసేపటి వీడియో మొత్తం వేసింది. కొందరు నవ్వారు. దెబ్బ చప్పుడు దగ్గర ఎవరూ నవ్వలేదు. సాయంత్రానికి నోటీసు ఊడింది. చేట చెయ్యి విరగ్గొట్టినవాణ్ణి మాత్రం ఇవాళ్టికీ ఎవరూ పిలిచి అడగలేదు. యుద్ధమూ ఆగలేదు. తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇదంతా రాసి మనవరాలికి చదివి వినిపించాను.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు," అంది. "బటన్ తప్పు నొక్కడమా, నేనా?"